పిన్నీసు బొమ్మ

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో కడపలో ఒక బాలికల హైస్కూల్లో నేను డ్రాయింగ్ మాస్టరుని. అక్కడ ఒక ఆయమ్మ ఉండేది. ఆమె గాజులకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుండేవి. ఏ పిల్ల ఓణీ జారినా, "ఇట్ల రా పాపా" అని పిలిచి ఒకటి తీసి పెట్టేది.

ఒకరోజు పిల్లల డ్రాయింగ్ కాగితాల మధ్య ఒక పిన్నీసు బొమ్మ కనిపించింది. పెన్సిల్‌తో గీసిన తెరిచిన పిన్నీసు, అంతే. కొన కాస్త వంగి ఉంది. ముట్టుకుంటే గుచ్చుకునేట్టుంది. స్టాఫ్‌రూములో అందరికీ చూపించి, "ఇది గీసిన పిల్లది మామూలు చెయ్యి కాదు" అన్నాను.

టీ గ్లాసులు తీస్తున్న ఆయమ్మ సిగ్గుపడుతూ, "నేనే గీసినా సార్" అంది.

నేను పకపకా నవ్వి, "పిల్లల బొమ్మ కొట్టేస్తావా ఆయమ్మా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ప్రతి తరగతిలో అడిగితే, అది ఏ పిల్లా గీసింది కాదని తేలింది. ఆయమ్మను వెతుక్కుంటూ వెళ్లి, "తప్పయింది. ఇంకొకటి గీసియ్యి, గోడకు పెడతాను" అన్నాను.

"వద్దులే సార్. మీరు మెచ్చుకుంటాంటే శానా సంతోషమాయె. నేను గీసినానంటానే మీకది నవ్వులాటాయె" అంది.

ఆ గొంతులో కోపం లేదు. నేనే తలెత్తలేకపోయాను.