ఓనరు ఎక్కడ?

మా బాబాయి ముప్పై ఏళ్లుగా కార్ల సీట్లు కుడుతున్నాడు. ఆయన కుట్టిన సీట్లలో కూర్చుని ఊరంతా తిరిగినవాళ్లలో ఒక్కడైనా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్న పాపాన పోలేదు. అందుకే, దాచుకున్నదంతా ఊడ్చి ఆయన ఒక పాత ఇంగ్లండు కారు కొన్నప్పుడు నవ్వినవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నవ్వడానికి సందు ఆయనే ఇచ్చాడనుకోండి. బారెడు ముక్కు, రెండే తలుపులు, డబ్బున్నవాళ్లు దూర ప్రయాణాలు హాయిగా చేయడానికని తయారైన బండి అది. కారు కొనేవాడెవడైనా బానెట్ ఎత్తి చూస్తాడు. బాబాయి సీటు ఊడదీసి, బోర్లా తిప్పి, టార్చి వేసి చూశాడు. తోలు అసలుది, దారం అసలుది, ఒక్క స్ప్రింగూ కుంగలేదు. అంతే, బేరం కుదిరిపోయింది. ఇంజిను సంగతి ఇంటికి తెచ్చుకున్నాక తెలిసింది. నాలుగు వీధులు తిరిగేసరికి పొగలు కక్కి ఆగిపోయేది.

"సీట్లు బావున్నాయిగా, ఊడదీసి ఇంట్లో వేసుకుని కూర్చో," అని పిన్ని దెప్పేది. దెప్పుతూనే గుడ్డ తీసుకుని అద్దాలు తుడిచేది.

పొగను బాబాయి ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. పెట్రోలు బంకులో, ఆసుపత్రి గేటు దగ్గర, ఎక్కడ ఆగినా ఒకటే ప్రశ్న: "ఓనరు ఎక్కడ?" వేళ్లకు అంటిన జిగురు చూసి మనిషి విలువ కట్టేసే హక్కు వీళ్లకెవరిచ్చారు? ఒక్కసారైనా నలుగురిలో ఆ కారు పక్కన దాని యజమానిగా నిలబడాలని ఆయన కోరిక.

పాత కార్ల ప్రదర్శన అని తెలియగానే పేరు ఇచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పిన్ని ముందు సీట్లో కూర్చుంది, వెనక ఇరుకులో నేను. దారిలో ఆగుతూ, పొగలు కక్కుతూ ఎలాగో చేరాం. గేటు దగ్గర కుర్రాడు కాగితాలు కూడా చూడకుండా, "డ్రైవర్లకు టీ అటు పక్కన," అన్నాడు. నేను తిట్టబోతే బాబాయి చెయ్యి వెనక్కి చాపి నా మోకాలు నొక్కాడు.

అన్నిటికన్నా అందమైన సీట్లున్న కారుకిచ్చే బహుమతి ఒక బిల్డరుకు వచ్చింది. ఆయన మైకు పట్టుకుని, "విదేశాల నుంచి పనివాణ్ణి రప్పించి కుట్టించానండీ," అన్నాడు. అబద్ధానికైనా అంతు ఉండాలి! ఆ సీట్లు పదకొండు రోజులు మా షెడ్డులో ఉన్నాయి. వాటిని కుట్టింది బాబాయి, జిగురు పూసింది నేను.

వేదిక దిగిన బిల్డరుకు బాబాయి కనిపించాడు.

"ఇక్కడే ఉన్నావా, బతికించావు! డ్రైవరు సీటు అంచు విడిపోయిందయ్యా. ఫోటోలవాళ్లు వచ్చేలోగా నాలుగు కుట్లు వేసెయ్."

బాబాయి చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. సూది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. పిన్ని ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"ఇవాళ షెడ్డుకు సెలవండీ. నా కారు తెచ్చుకున్నాను."

"ఎవరి కారు?" బిల్డరు నవ్వాడు.

"నాదే!" అన్నాడు బాబాయి, చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా.

కుట్టు విడిపోయిన సీటుతోనే బిల్డరు కారుకు ఫోటోలు తీశారు.