'వెరీ' అంటే ఎంత?

సోమవారం ఉదయం గుడివాడలో ఆఫీసుకు బయల్దేరుతుంటే కబురొచ్చింది, మా ఇంగ్లీషు మాస్టారు పోయారని. అప్పట్నుంచీ బందరు నుంచి వచ్చే మెసేజీలన్నీ ఒకటే: 'వెరీ వెరీ శాడ్'. ఆయనుంటే ఒప్పుకునేవారు కాదు.

"'వెరీ' అంటే 'చాలా' అని ఏ గైడులోనైనా ఉంటుంది. ఆ చాలా ఎంతో గైడుకేం తెలుసు? నువ్వు చెప్పాలి" అనేవారు. అలాగని ఆ మాటను నిషేధించలేదు. చూసింది చెప్పడానికి బద్ధకించి వాడితేనే కోపం. మా కాంపోజిషన్లలో అది కనబడితే కొట్టేయకుండా, పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నగుర్తు పెట్టేవారు. మాకు తిట్లకంటే అదే భయం.

తొమ్మిదో తరగతిలో 'మై మదర్ ఈజ్ వెరీ టైర్డ్' అని రాశాను. అమ్మ గిలకలదిండి హార్బర్‌లో వేలంపాటలో చేపలు కొని, వీధి వీధీ తిరిగి అమ్మేది.

"ఎంతమ్మా?" అన్నారు మాస్టారు.

"చాలానండి."

"ఇంటికెళ్లి చూసి రా."

నాకు ఒళ్లు మండింది. మా అమ్మ సంగతి నాకు తెలియదా? ఆ సాయంత్రం అమ్మ తట్ట దించి అన్నానికి కూర్చుంది. కలిపిన ముద్ద చేతిలో ఉండగానే కళ్లు మూతలు పడ్డాయి. మర్నాడు అదే రాశాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇప్పుడు మీ అమ్మగారు నాకూ తెలుసమ్మా" అన్నారు.

పోయిన వారం ఆయన్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. నర్సమ్మ వచ్చి, "నొప్పి ఎలా ఉంది తాతగారూ?" అనడిగింది.

"వెరీ..." అన్నారు మాస్టారు. తర్వాతి మాట రాలేదు. మళ్లీ "వెరీ" అనే అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. మాటలు వెతుక్కునే ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు.

"ఎక్కువగా ఉందాండీ?" అని నర్సమ్మ నన్నడిగింది.

కళ్లు తుడుచుకుని ఆయన్నే చూశాను. "ఊపిరి తీసుకున్నప్పుడల్లా మంచం పట్టీ బిగించి పట్టుకుంటున్నారండి. నేనొచ్చాక ఒక్కసారి కూడా పక్కకు ఒత్తిగిల్లలేదు. మంచినీళ్లిస్తే నోట్లోనే ఉంచుకుంటున్నారు, మింగడానికి భయపడుతున్నారు" అన్నాను.

ఆవిడ వెంటనే వెళ్లి డాక్టరుగారిని తీసుకొచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చారు.

కాసేపటికి పట్టీ మీద ఆయన వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. మెల్లగా గోడవైపు ఒత్తిగిల్లి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, మాస్టారు నిద్రపోయారు.