బొడ్డు కింద దురద

గూడూరులో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ ఎండాకాలం నాకు బొడ్డు కింద దురద పట్టుకుంది. కుడిచేత్తో బోర్డు మీద రాస్తూ ఎడమచేత్తో గోక్కుంటుంటే వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి.

"ఒంట్లో వేడి చేసినాది. కొన్నాళ్లు చేపలు తినమాక," అంది అమ్మ.

మానేశాను. దురద పోలేదు. రొయ్యలు మాన్పించింది, వంకాయ మాన్పించింది. చివరికి నా మొలతాడు పాతబడిందని కొత్తది కట్టింది. నేను పెరుగన్నం పిసుక్కుంటుంటే, మామిడికాయ వేసిన చేపల పులుసు పోసుకుని అమ్మా, నా భార్యా నా మీద జాలిపడుతూ ఇంకో ముక్క వేసుకునేవాళ్లు.

చర్మం ఎర్రబడి రసి కారడం మొదలయ్యాక, నా భార్య నన్ను నెల్లూరులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ ఆ మచ్చ చూసి, వదులు చేసిన బెల్టు మళ్లీ బిగించమంది. బిగించాను. బకిల్ వచ్చి సరిగ్గా మచ్చ మీదే కూర్చుంది.

"మీకు నికెల్ పడదు. బకిల్లోనూ ప్యాంటు గుండీలోనూ ఉండే లోహం. చెమట తగిలితే ఇంకా ఎక్కువవుతుంది."

"మరి చేపలండీ?"

"చేపలు బెల్టు పెట్టుకోవు కదండీ!"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పోగొట్టుకున్న పులుసులన్నీ కళ్లముందు తిరిగాయి. ఇంటికి వెళ్తూ దారిలోనే చేపలు కొన్నాం.

పూతమందుతో పుండు మానింది. బెల్టు మానేసి, బనీను ప్యాంటులోకి దోపుకోవడం అలవాటు చేసుకున్నాను. లోహం ఒంటికి తగలకుండా గుండీ లోపలివైపు రంగులేని నెయిల్ పాలిష్ పూసుకోమంది డాక్టరమ్మ. ఉతికితే అది పోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పూయాలి.

ఒక ఆదివారం నా భార్య వరండాలో కూర్చుని ఆ పని చేస్తుంటే, పక్కింటావిడ గోడ మీదుగా చూసింది.

"ఏంది వదినా, అన్న ప్యాంటుకి గోళ్లరంగు పూస్తుండావా?"

నా భార్య నోరు తెరిచేలోపే అమ్మ బయటికొచ్చింది.

"మావాడిది సుకుమారమైన ఒళ్లు లేమ్మా. చవక లోహాలు తగిలితే ఓర్చుకోలేదంట. డాక్టరమ్మే చెప్పినాది."

పక్కింటావిడ తన ఫ్యాన్సీ కమ్మలు తడుముకుంది. "అయితే నాదీ సుకుమారమే పెద్దమ్మా! ఇవి పెట్టుకున్నప్పటి నుంచీ చెవులు రెండూ పుళ్లు పడినాయి."

"ముందు అవి తీసెయ్ తల్లీ," అంది నా భార్య, బ్రష్షు పక్కన పెట్టి.