చర్చి బల్ల మీది మైకా... మా వంటింట్లోనూ అదే మైకా

శనివారం. మిరపకాయల తొడిమలు తీయడం అయింది, ఇడ్లీ పిండి రుబ్బడం అయింది, బట్టలు మడతపెట్టడం అయింది. మిగిలింది వంటింట్లో కొత్త మైకా షెల్ఫు పలకకు బెజ్జాలు పెట్టడం... టేపు అంటించి, పలక కింద పాత చెక్క పెట్టి, డ్రిల్లు నెమ్మదిగా దింపాను. చిన్న పెచ్చు కూడా లేవలేదు. టీ తాగుతూ ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... వినుకొండ దగ్గర మా ఊళ్ళో కొన్నాళ్ళు అందరూ మా నాన్నను దొంగ అనుకున్నారు. పైకి ఎవరూ అనలేదు. చూపులతో అన్నారు.

నాన్న పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. చర్చిలో పాస్టరు అయ్యగారి ముందుండే బల్ల పాతబడితే, పైన నున్నటి మైకా వేయిద్దామని సంఘం వాళ్ళు చందాలేసి షీటు తెచ్చారు. టేకు చారల డిజైను. ఊళ్ళో అలాంటిది ఇంకెవరింట్లోనూ లేదు. కూలి వద్దు, నేనే వేస్తానన్నాడు నాన్న. మిల్లు నుంచి డ్రిల్లు మిషను అడిగి తెచ్చుకుని, చర్చి తాళాలు తన దగ్గరే ఉండేవి కాబట్టి, తలుపులు మూసుకుని ఒక్కడే చేశాడు.

ఆదివారానికి బల్ల అద్దంలా మెరిసింది. మైకు వైరుకు గుండ్రటి బెజ్జం... చెయ్యి పెడితే జారిపోయే అంచులు.

మరుసటి వారం నాన్న మా వాకిట్లో అదే టేకు చారల మైకా పరిచాడు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. ఇనుము కోసే ఆక్సా బ్లేడు ముక్కతో స్కేలు వెంట నాలుగైదుసార్లు గీసి వంచితే టక్కున తెగింది. అంచును ఆకురాయితో పైనుంచి కిందికే రుద్దాడు. పైకి రుద్దితే పెచ్చులు లేస్తాయట. దాన్ని వంటింట్లో డబ్బాలు పెట్టే చెక్కకు అంటించి, మిరపకాయల బస్తా బరువు పెట్టాడు.

"ఎక్కడిదయ్యా ఇది?" అంది అమ్మ.

"మిగిలింది."

"ఇంత మిగులుద్దా?"

నాన్న బస్తా తీశాక ఉప్పు జాడీ తెచ్చి చెక్క మధ్యలో పెట్టి, "ఇది ఎవరూ కదపొద్దు" అన్నాడు.

పక్కింటి మార్తమ్మత్తయ్య వచ్చి చూడనే చూసింది. "ఏమే సుగుణా, అయ్యగారు ఇక మీ వంటింట్లోనే ప్రసంగం చెబుతారా ఏంది?" అని నవ్వింది. అమ్మ నవ్వలేదు.

సాయంత్రానికి ఆ మాట పంపు దగ్గరికి చేరింది. మేము బిందెలతో వెళ్తే మాటలు ఆగిపోయేవి... నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే. నాన్న మిల్లు నుంచి రాగానే సంచీలోకి తొంగిచూసేదాన్ని. ప్రార్థనలో తప్పులు క్షమించమనే చోటు రాగానే కళ్ళు తెరిచి ఆయన మొహమే చూసేదాన్ని.

చివరికి సంఘపెద్ద ఏసుపాదం గారు మా ఇంటికి వచ్చారు. వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి, "యాకోబూ, చర్చి తాళాలు ఇకనుంచి నా దగ్గర ఉంటాయిలే" అన్నారు.

నాన్న మొలతాడుకున్న తాళాలు విప్పి ఇచ్చాడు.

అమ్మకు కోపం ఆగలేదు. "నోరు తెరిచి ఒక్క మాట చెప్పవేందయ్యా! దీని కింద ఏం దాచావు?" అంటూ ఉప్పు జాడీ ఎత్తేసింది.

కింద ఒక బెజ్జం. దాని చుట్టూ సాలెగూడులా బీటలు... ఒకటి టేకు చారల్లో కలిసిపోయి అంచుదాకా పాకింది.

"మైకు వైరు బెజ్జానికని డ్రిల్లు ఇనుముకు నొక్కినట్టు నొక్కాను" అన్నాడు నాన్న తల వంచుకుని. "కింద చెక్క పెట్టలేదు. టప్పున పగిలింది."

వినుకొండంతా తిరిగి, సొంత డబ్బుతో అదే డిజైను షీటు కొని చర్చి బల్లకు వేశాడట. పగిలింది ఇంటికి తెచ్చుకున్నాడు.

"దొంగంటే ఊరుకున్నావు గానీ, ఈ మాట చెప్పలేకపోయావా?" అంది అమ్మ.

"దొంగంటే అది అబద్ధమే. చేతకాదంటే... అది నిజం కదా."

ఏసుపాదం గారు లోపలికి వచ్చి ఆ బీటలు చూశారు. తాళాలు నాన్న చేతిలో పెట్టి, "ఆ షీటు డబ్బులు సంఘం ఇస్తుందిలే" అన్నారు.

"వద్దండీ. పగలగొట్టింది నేను, తెచ్చి వేసింది నేను. అక్కడికి చెల్లు."

ఇప్పుడు పలకలు షాపులోనే కోసి, అంచులు అంటించి ఇస్తున్నారు. పగిలితే ఇంకోటి ఆర్డరు పెడతాం. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. మీ ఇంట్లోవాళ్ళ మీద ఎప్పుడైనా ఇలాంటి నింద పడిందా? ఎలా తీరిందో రాయండి...

మా షెల్ఫు మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు. అనుమానపడాలన్నా, ఒకరి వంటింట్లోకి ఒకరు రావాలి కదా...