నొప్పి లేదనింది

2006లో తిరుపతి బస్టాండు దగ్గర ఒక మేడ మీద గదిలో మెడికల్ కోడింగ్ చెప్పేదాన్ని. కింద పూలంగడి, పైన అమెరికా రోగాలు. అక్కడి డాక్టర్లు రోగిని చూసి రాసిన నోట్స్ చదివి, ఒక్కో జబ్బుకీ పుస్తకంలో ఉన్న నంబరు వేయాలి. ఆ నంబర్లను బట్టే ఇన్సూరెన్సు కంపెనీ బిల్లు చెల్లిస్తుంది. కోడింగ్ అంటే ఇంతే. కంప్యూటరు కోర్సనుకొని చేరి, ఎముకల పేర్లు చూసి పారిపోయినవాళ్ళు చాలామంది.

కస్తూరి పారిపోలేదు. నగరి పిల్ల, బీయస్సీ బాటనీ. నాయన లేడు. వాళ్ళమ్మ పవర్‌లూమ్ షెడ్డులో నూలు కండెలు చుట్టి చదివించింది. రోజూ బస్సులో వచ్చి నాతో సరిసమానంగా వాదించేది. నాకు వాదించేవాళ్ళంటే ఇష్టం, పైకి చెప్పను.

ఒకరోజు 'డినైస్' అనే మాట దగ్గర పట్టుకుంది. 'పేషెంట్ డినైస్ పెయిన్' అని నోట్స్‌లో ఉంటే, నొప్పి లేదని రోగి చెప్పినట్టు. దానికి నంబరు వేయకూడదు.

"డినై అంటే ఒప్పుకోకపోవడం గదా మేడం? నొప్పి ఉండి కూడా లేదనుంటే?"

"డాక్టరు నొప్పుందని రాసినాడా? రాయలేదు. నువ్వు వేయొద్దు."

"ఆమె మొగం సూడకుండానేనా?"

"ఆమె అమెరికాలో ఉండాది. పోయి సూసి రాపో."

క్లాసంతా నవ్వింది.

కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష మద్రాసులో. దానికి ముందు తిరుచానూరులో అమ్మవారికి మొక్కుకోవడానికి తల్లీ కూతుళ్ళు వచ్చి, నన్నూ చూసిపోదామని మేడెక్కినారు. ఆ తల్లి పై మెట్టు మీదే కూలబడి డొక్కలో చెయ్యి పెట్టుకుంది.

"ఏమ్మా, అట్ల కూసున్నావే?"

"ఏం లేదమ్మా. మెట్లెక్కినా గదా, ఆయాసం."

"కడుపులో నొప్పా అని ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట మేడం," అంది కస్తూరి. "మా యమ్మ డినైస్."

తల్లికి ఆ మాట తెలియదు. కూతురు నవ్విందని తనూ నవ్వింది.

కస్తూరి పాసయింది. ఫలితం వచ్చిన వారంలోనే తల్లి షెడ్డులో పడిపోయింది. పొట్టలో కేన్సరు, ముదిరిపోయిందన్నారు. ఎప్పట్నించి నొప్పి అని డాక్టరు అడిగితే, "మా పాప పరీక్షకు పేరిచ్చినప్పట్నించి సార్. చెప్తే పుస్తకం మూసేసి నా కాడ కూసుంటాది," అందట. ఎక్కువ రోజులు బతకలేదు.

సర్టిఫికెట్ ఉన్నా, అనుభవం లేనివాళ్ళను ఏ కంపెనీ పిలవదు. చివరికి మద్రాసులో ఒక కంపెనీ కస్తూరిని ఇంటర్వ్యూకి పిలిచింది. అడిగిన ప్రశ్న: పేషెంట్ డినైస్ అబ్డామినల్ పెయిన్, అంటే కడుపునొప్పి లేదంది, నంబరు వేస్తావా?

"ఉంటాదేమో, ఇంకోసారి అడగమనండి సార్, అన్నాను మేడం."

"జవాబు తెలుసు గదా నీకు?"

"తెలుసు. నోరు రాలేదు."

ఉద్యోగం ఇవ్వలేదు. నేను ఊరుకుంటానా? ఆ కంపెనీకి ఫోన్ చేసి, ఇంటర్వ్యూ చేసినాయనతో పోట్లాటకు దిగాను. ఆ పిల్లకు తల్లి పోయిందని చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "పాపం అనిపిస్తోందమ్మా. కానీ రాయనిది కూడా చదివే మనిషిని నేను ఏ కుర్చీలో కూర్చోబెట్టను?" అన్నాడు. ఆయన మాట న్యాయం. ఫోన్ పెట్టేశాను.

మరుసటేడు కస్తూరే ఫోన్ చేసింది.

"వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది మేడం. ఈడ కూడా అదే అడిగినారు."

"ఏం చెప్పినావు?"

"లేదంటే లేనట్టే సార్, అని చెప్పేసినాను."

గొంతులో సంతోషమన్నదే లేదు. అభినందనలు అనబోయి, అన్నం తిన్నావా అని అడిగాను. తిన్నానంది. నేను నమ్మలేదు.

నియమం తప్పు కాదు. ఇప్పటికీ అదే నేర్పుతాను. కాకపోతే చివర ఒక మాట కలుపుతాను: ఇది ఆఫీసులో కాగితానికే. ఇంట్లో ఎవరైనా డొక్కలో చెయ్యి పెట్టుకొని ఏం లేదంటే, వాదించొద్దు, నవ్వొద్దు, ఆస్పత్రికి ఈడ్చుకుపోండి. పిల్లలు నవ్వుతారు. నవ్వనిస్తాను.