పాల కంపెనీ అడ్మిన్ కెముంటో

నైరోబీలో ప్రతి కంపెనీకీ ఒక నోరుంటుంది; ఆ నోటికి పేరుండదు. బిల్లు తప్పువేశారని అరిచేవాళ్ళూ, సరుకు రాలేదని మొత్తుకునేవాళ్ళూ, ఊసుపోక పెళ్ళి చేసుకుంటావా అని అడిగేవాళ్ళూ అందరూ ఇంటర్నెట్‌లో దాన్ని అడ్మిన్ అనే పిలుస్తారు. "అడ్మిన్, చాయ్ తాగావా?" "అడ్మిన్, మీ బాసుకి సిగ్గనేది ఉందా?" ఆ కుర్చీలో కూర్చున్నదెవరో ఎవరూ అడగరు. ప్రచార సంస్థలకు ఇది ఎంత సౌకర్యమో చెప్పనక్కరలేదు. మెప్పు వస్తే కంపెనీ ఖాతాలో పడుతుంది, తప్పు దొరికితే అడ్మిన్ నెత్తిన పడుతుంది.

మవింగుని అనే పాల కంపెనీకి అడ్మిన్ పేరు కెముంటో ఒంబాటి. వయసు ఇరవై ఆరు. న్యామిరా కొండల్లో తేయాకు తూకం వేసే గుమాస్తా కూతురు. డోన్‌హోమ్‌లో రెండు గదుల ఇంట్లో నాలుగేళ్ళుగా నాతో కలిసి ఉంటోంది. కాలేజీ ముగిశాక మూడు ఆఫీసుల్లో రెండేళ్ళపాటు జీతం లేకుండా పనిచేసింది. ఆ ఆఫీసులు దాన్ని అవకాశం అన్నాయి. చట్టం దాన్ని వేరే మాటతో పిలుస్తుందని నేను ఆవేశపడ్డ ప్రతిసారీ ఆమె జవాబు ఒకటే: "లాయరమ్మా, ముందు ఆ చపాతీ తిప్పు. మాడిపోతోంది."

నాలుగో ఆఫీసు వెస్ట్‌లాండ్స్‌లో గితోంగా నడిపే ప్రచార సంస్థ. ఆరు నెలల పరీక్షా కాలం మీద తీసుకుని మవింగుని పాల పని అప్పగించారు. బూతులతో వచ్చినవాణ్ణి రెండు వాక్యాల్లో నవ్వించి పంపగల నేర్పు కెముంటోది. అయితే ఆ నేర్పుకు కళ్ళెం ఉండేది. ముందే ఆమోదం పొందిన జవాబులు పన్నెండు ఉన్నాయి. వాటిలో లేని మాట ఏది రాయాలన్నా వాట్సాప్ గ్రూపులో పెట్టి నలుగురి అనుమతి కోసం ఎదురుచూడాలి. ఆ నలుగురు గితోంగా, పాల కంపెనీ మార్కెటింగు అధికారిణి మేడమ్ జెరూటో, కంపెనీ లాయరు, జనరల్ మేనేజరు. నలుగురూ బొటనవేలు బొమ్మ పెడితేనే మాట బయటికి వెళ్ళాలి.

శుక్రవారంతో పరీక్షా కాలం ముగుస్తుందనగా, ఆ సోమవారం మేడమ్ జెరూటో గ్రూపులో ఒక కబురు పెట్టింది. యంత్రాలు కడిగే మందు కొంత పాలలో కలిసింది. 4471 నంబరున్న అరలీటరు ప్యాకెట్లను సూపర్ మార్కెట్ల నుంచి వెనక్కి తెప్పిస్తున్నాం. ఈ మాట బయటికి పొక్కకూడదు. చిన్న కొట్ల సంగతేమిటని కెముంటో అడిగింది. "వేల కొట్ల నుంచి వెనక్కి తీసుకుంటే వార్త అవుతుంది" అని జవాబొచ్చింది. అంటే, కారులో సూపర్ మార్కెట్‌కు వెళ్ళే ఇంటి బిడ్డకు రక్షణ ఉంది; కయోలె లాంటి పేదల పేటలో చిన్న కొట్టు ఇనుప కడ్డీల మధ్య నుంచి చెయ్యి చాపి ప్యాకెట్టు కొనుక్కునే తల్లి బిడ్డకు లేదు. ఇంత నీచమైన లెక్కను ఇంత మర్యాదైన భాషలో రాయడానికి మంచి చదువే కావాలి.

బుధవారం మధ్యాహ్నం కయోలె నుంచి ఒక తల్లి కంపెనీ పేజీలో అందరికీ కనబడేలా అడిగింది. "అడ్మిన్, మా పాపకి పదకొండు నెలలు. పొద్దున మీ పాలు తాగిన దగ్గర్నుంచి వాంతులు. ప్యాకెట్టు మీద 4471 అనుంది. ఇంకా సగం మిగిలింది, కాచి పట్టనా?" కింద పాప ఫోటో కూడా పెట్టింది.

కెముంటో ఆ ప్రశ్నను గ్రూపులో పెట్టింది. ఒక్క వేలూ రాలేదు. కాసేపటికి గితోంగా "మూడో జవాబు వెయ్యి" అన్నాడు. మూడో జవాబు ఇది: మీ ఆరోగ్యమే మా ఆనందం, దయచేసి మీ ఫోన్ నంబరు పంపగలరు. ఆమె అదే వేసింది. నా స్నేహితురాలని ఈ సంగతి దాచను.

"నంబరు కాదు అడ్మిన్! పట్టనా వద్దా? పాప ఏడుస్తోంది."

అప్పుడు కెముంటో ఎవరినీ అడగకుండా రాసింది: "వద్దమ్మా, పారబోయండి. పాపని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 4471 నంబరు పాలు ఎవరూ తాగకండి."

పావుగంటలో గితోంగా దాన్ని చెరిపించాడు. అప్పటికే దాని ఫోటోలు ఊరంతా తిరుగుతున్నాయి. కెముంటో ఫోన్ చేస్తే నేను కోర్టు నుంచి తిన్నగా ఆ ఆఫీసుకు వెళ్ళాను. గితోంగా కోపంగా లేడు. అదే నన్ను భయపెట్టింది.

"తల్లీ, నిన్ను తీసెయ్యట్లేదు, కాపాడుతున్నా. నీ సొంత అకౌంట్లో రాయబోయి కంపెనీ అకౌంట్లో రాసేశానని చెప్పు. ఈ ఊళ్ళో అడ్మిన్లందరూ చేసే తప్పే కదా! మొన్న ఆ ఇన్సూరెన్సు పిల్ల వాళ్ళాయన్ని తిట్టబోయి కంపెనీ పేరుతో తిట్టలేదూ? రెండ్రోజులు నవ్వుకున్నారు, మర్చిపోయారు."

"నేను రాయాలనుకున్న అకౌంట్లోనే రాశాను బాస్."

"అబ్బా, అది నీకూ నాకూ తెలుసు. జనానికెందుకు?"

"తాగేది జనం కాబట్టి."

"ఒక్క వాక్యమమ్మా. అది నా సొంత అభిప్రాయం, పాలలో లోపం గురించి నాకేమీ తెలియదు, అంతే. శుక్రవారం పర్మనెంటు లెటరు నీ చేతిలో పెడతా."

ఆ ఒక్క వాక్యం బయటికి వస్తే, పారబోద్దామనుకున్న తల్లులు కూడా మిగిలిన పాలు కాచి పట్టేవారు. నేను ఆగలేకపోయాను. తెలిసి తెలిసి ఇలాంటి ప్రకటన ఇవ్వడం నేరమని చెప్పాను.

"ఈవిడెవరు?"

"మా ఇంట్లోనే ఉంటుంది బాస్. లాయరు."

"చట్టం ఇంటికెళ్ళి చెప్పుకోమను. ఇక్కడ మేం పరువు కాపాడే పనిలో ఉన్నాం." మళ్ళీ కెముంటో వైపు తిరిగాడు. "ప్రకటన నువ్వే రాయి. నీ అంత బాగా ఎవరు రాస్తారు? గ్రూపులో పెట్టు, వేళ్ళు పడగానే వదిలెయ్."

ఆమె వెంటనే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. లొంగిపోయిందనుకున్నాను. "ఆ పాప మొహం ఒక్కసారి తలుచుకో" అన్నాను కటువుగా.

"నాకు కనబడుతూనే ఉంది. నువ్వలా కూర్చో, వెలుతురుకి అడ్డం రాకు."

ప్రకటనలో మొదటి పేరా అచ్చం వాళ్ళకు కావలసినట్టే ఉంది: మవింగుని కుటుంబం, మీ నమ్మకం, కలిగిన అసౌకర్యానికి విచారం. రెండో పేరాలో 4471 సంగతి, యంత్రాలు కడిగే మందు సంగతి, సూపర్ మార్కెట్ల నుంచి సోమవారమే వెనక్కి తీసుకున్న సంగతి, చిన్న కొట్లలో కొన్నవాళ్ళు తాగకుండా తిరిగి ఇచ్చేయాలన్న సూచన. చివర, మధ్యాహ్నం జవాబు కెముంటో ఒంబాటి తెలిసే రాసిందని ఒక వాక్యం. గ్రూపులో పెడుతూ పైన "దయచేసి పూర్తిగా చదవండి" అని కూడా చేర్చింది.

నిమిషం తిరక్కుండా మేడమ్ జెరూటో వేలు పడింది, పక్కనే "చక్కగా ఉంది" అన్న మెచ్చుకోలు. తర్వాత లాయరుది, ఆ తర్వాత జనరల్ మేనేజరుది. ఫోన్‌లో ఎవరినో బుజ్జగిస్తూ పచార్లు చేస్తున్న గితోంగా, మూడు వేళ్ళు చూసి తనదీ పెట్టేశాడు. అక్షరం రాని మా అమ్మమ్మ వేలిముద్ర వేసేముందు కాగితం రెండుసార్లు చదివించుకునేది. వీళ్ళకు డిగ్రీలున్నాయి.

"చదవలేదు కదూ?" అన్నాను గుసగుసగా.

"ఎప్పుడు చదివారు గనక!" అంటూ కెముంటో ప్రకటనను వదిలింది.

పది నిమిషాలకు గది దద్దరిల్లింది. "కెముంటో! ఏం రాశావే ఇది?"

"మీరు ఒప్పుకున్నదే బాస్. నలుగురూ ఒప్పుకున్నారు."

సాయంత్రానికల్లా కయోలెలో, పైప్‌లైన్ అనే పేటలో కొట్లవాళ్ళు ఆ ప్యాకెట్లను వీధిలో కుప్ప పోశారు. వెనక్కి తీసుకుంటున్నామని మర్నాడు కంపెనీ తనంతట తానే మేల్కొన్నట్టు ప్రకటించింది. పాప మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకుంది. కెముంటోను బుధవారం రాత్రే బాధ్యతారాహిత్యం పేరుతో తొలగించారు. ఇప్పుడు వెస్ట్‌లాండ్స్‌లో ఏ ప్రచార సంస్థా ఆమె ఫోన్ ఎత్తదు.

ఆమె తరఫున కార్మిక కోర్టులో దావా వేశాను. బొటనవేలు అంటే "అందింది" అని మాత్రమే అర్థమని వాళ్ళు ప్రమాణపత్రం దాఖలు చేశారు. పక్కదారిన రాజీకి కూడా వచ్చారు: పొరపాటున వేరే అకౌంట్లో రాశానని సంతకం పెడితే మంచి యోగ్యతా పత్రం ఇస్తారట. చెబితే కెముంటో ఉల్లిపాయలు తరుగుతూ తలైనా ఎత్తలేదు. "ఉద్యోగం ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే. ఆ వాక్యం మాత్రం నా చేత్తో రాయను."

వచ్చే మంగళవారం మేడమ్ జెరూటో సాక్ష్యం. నా మొదటి ప్రశ్న సిద్ధంగా ఉంది: "చక్కగా ఉందని రాశారు కదా మేడమ్, ఆ రెండో పేరా కోర్టుకి ఒక్కసారి చదివి వినిపిస్తారా?"