ఎర్ర దారం ముడి

పుస్తకం చేతికిస్తే యాదగిరి తాత చదవడు, ముందు తిరగేసి కుట్టు చూస్తాడు. కాటేదాన్‌లో బైండింగ్ కార్ఖానాలో యాభై ఏళ్లు పనిచేసిన మనిషి మరి! కుట్టు వదులుగా ఉంటే ఒంటికాలి మీద లేస్తాడు. మైలార్‌దేవ్‌పల్లిలో ఆయన ఇంటి పైగదిలో నేను కిరాయికుంటున్నాను.

నా పరిశోధన ఇసుర్రాయి పాటల మీద, అంటే తిరగలి విసురుతూ ఆడవాళ్లు పాడుకునేవి. జాతీయ గ్రంథాలయం పాత పుస్తకాలను డిజిటల్ చేసి మాలాంటివాళ్ల కోసం తెరిచిపెట్టింది. అందులోనే నా బంగారం దొరికింది. శంషాబాద్ పక్క ఊళ్ల పాటల పుస్తకం, ఉన్నది ఒకే ఒక్క ప్రతి. 'పాడినామె పేరు చివరి పుటలో చూడండి' అని ముందుమాటలో ఉంది. తీరా చూస్తే చివరి పుటే లేదు! పేరే తెలియని మనిషి గురించి ఏం రాయను? నాలుగు నెలలు నాకు అన్నం సహించలేదు.

ఓ ఆదివారం నా లాప్‌టాప్‌లో ఆ పుస్తకం వెనక అట్ట చూసి తాత చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఈ ఎర్ర దారం ముడి నాదే, బిడ్డా. గిట్ల ఇంకెవ్వలు ఏయరు."

"మరి చివరి పుట ఏమైంది తాతా?"

ఆయన ముఖం మాడిపోయింది. "అప్పుడే పనిల చేరిన. నేను కుట్టిన మొదటి పుస్తకం గిదే. సదువు రాదు. ఊడిన కాయితం కనవడ్డది. చిత్తు కాయితమనుకొని అట్ట లోపల అంటించిన, దాని మీద ఇంకోటి కప్పిన. తప్పు నాదే."

నేను ఎగిరి గంతేశాను! ఆయన తప్పు ఒప్పుకుంటుంటే నాకు సంతోషమేమిటి, సిగ్గులేకుండా! ఆ క్షణమే గ్రంథాలయానికి రాశాను.

పది రోజులకు అక్కడి తెలుగు విభాగంలో పనిచేసే నిర్మల వీడియో కాల్ చేసింది. బల్ల మీద ఆ పుస్తకం. "అట్ట చిరిగితే మళ్లీ రాదండీ" అంది భయంగా.

"మైదా జిగురు తల్లీ. జర తడి గుడ్డ ఏసి ఆగు. కత్తి మాత్రం పెట్టకు" అన్నాడు తాత.

పై కాగితం మెల్లగా లేచింది. కింద అక్షరాలు! నిర్మల చదవబోయింది.

"ఆగు తల్లీ, నేను సదువుత."

నలభై దాటాక కూతురి దగ్గర నేర్చుకున్న చదువు ఆయనది. కళ్లద్దాలు సర్దుకుని, తెర మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"కొత్... వాల్... గూడ... పో... చమ్మ."

ఒకసారి ఊపిరి పీల్చుకుని, వీధంతా వినపడేలా మళ్లీ చదివాడు. "కొత్వాల్‌గూడ పోచమ్మ!"